పేరు తీసేసి వాడుకుంటే ఎట్లా?

సంపాదకుల గారికి నమస్కారం.

తిరుపతి బైరాగిపట్టెడలో ఇరవై రెండేళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పెళ్లి పత్రికలు, ప్రాజెక్టు రిపోర్టులు, కరపత్రాలు, ఫ్లెక్స్ డిజైన్లు, స్పైరల్ బైండింగులు మా పని. ఆదివారం మధ్యాహ్నానికి షాపు మూసేసి ఒక చిన్న బృందంతో కూర్చుంటాను. ఎవరైనా వాడుకోవడానికి, మార్చుకోవడానికి కోడ్ తెరిచి ఇచ్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను తెలుగులో నేర్పే బృందం మాది. కంప్యూటర్లో విండోస్ బదులు లినక్స్ ఎట్లా వేసుకోవాలి, లిబ్రె ఆఫీసులో తెలుగు ఉత్తరం ఎట్లా టైపు చేయాలి, ఇంక్‌స్కేప్‌లో బొమ్మ ఎట్లా గీయాలి అనేవి ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే పాఠాలుగా రాసి మా సైట్లో పెడతాం. ఎవరికీ జీతం లేదు. సైటుకు అయ్యే ఖర్చు తలా కొంచెం వేసుకుంటాం. ఏడేళ్లలో అరవై నాలుగు పాఠాలయ్యాయి. రాసినవాళ్లం పదకొండు మందిమి.

పోయిన జూన్‌లో, కాలేజీలు తెరిచే రోజుల్లో, ఒక కుర్రాడు పెన్ డ్రైవ్ తెచ్చాడు. "అక్కా, రెండొందల కాపీలు, రెండు వైపులా, స్పైరల్ వేయాల. రేపు సాయంత్రానికి కావాల" అన్నాడు. ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్ వాళ్ల స్టడీ మెటీరియల్ అది. మార్జిన్లు చూసుకుందామని ఫైలు తెరిచి పేజీలు తిప్పుతుంటే ఒక మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది. "ఎంటర్ నొకండి" అని ఉంది. క వత్తు పడలేదు. ఆ తప్పు నాది. నాలుగేళ్ల కిందట రాత్రి పదకొండు గంటలకు పాఠం టైపు చేస్తూ నేను చేసిన తప్పు. తర్వాత చూసుకున్నాను, దిద్దాలనుకున్నాను, దిద్దలేదు. రోజంతా ప్రూఫులు చూసేదాన్ని కాబట్టి నా తప్పును నేను ఎక్కడైనా గుర్తుపడతాను.

ఇంకో ఆరు పేజీలు తిప్పితే లెక్కల పట్టిక పాఠం వచ్చింది. దామలచెరువు మండీకి నాలుగు రోజుల్లో ఎన్ని టన్నుల తోతాపురి మామిడి పోయింది, టన్నుకు ఎంత పలికింది, కూలీ, బండి బాడుగ పోను రైతుకు ఎంత మిగిలింది అని వరుసగా లెక్క కట్టించే పాఠం. మా బృందంలో అందరికన్నా పెద్దాయన, రిటైరైన లెక్కల మాస్టారు రాశారు దాన్ని. ఆయనకు సొంత తోట ఉండేది, అందుకే ఆ అంకెలు అంత నిజంగా ఉంటాయి. సైట్లో ప్రతి పాఠం కింద రాసినవాళ్ల పేరు ఉంటుంది. ఆ ఫైలులో అన్ని పాఠాల కింద ఆ ఒక్క గీత కోసేసి ఉంది. మిగతాదంతా ఉన్నది ఉన్నట్టే ఉంది.

కవరు పేజీ మీద వాళ్ల లోగో, పక్కనే మా చిలక బొమ్మ లోగో, కింద "సంయుక్త సమర్పణ". వెల 350 రూపాయలు.

ఆ పని నేను చేయనని పెన్ డ్రైవ్ వెనక్కి ఇచ్చి, వాళ్ల యజమానికి ఫోన్ చేశాను. ఆయన కోపంగా ఏమీ మాట్లాడలేదు. "ఏందమ్మా, ఓపెన్ అని మీరే రాసుకున్నారు కదా. అందరూ వాడుకోవచ్చు అనే కదా రాసింది? మేం వాడుకున్నాం" అన్నారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఎందుకంటే మా సైటు అడుగున రాసి ఉన్నది నిజంగా ఆ రెండు ముక్కలే: "ఇది ఓపెన్ సోర్స్ సైటు. అందరూ వాడుకోవచ్చు." పుస్తకాలు వేరే చోట వేయించుకున్నారని తర్వాత తెలిసింది.

పాఠాలు కాపీ కొట్టారని బాధపడి ఊరుకునేదాన్నేమో. కానీ ఆగస్టులో ఒక ఆదివారం కొర్లగుంట నుంచి ఆటో నడుపుకునే ఒకాయన మా క్లాసు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కూతురి కోర్సుకు ఆరు వేలు కట్టాడట. నెల తిరక్కుండానే క్లాసులు ఆగిపోయాయట. "మీరు ఊరికే చెప్తారని మా వీధిలో పిల్లలు చెప్పినారు మేడం. మీ చిలక బొమ్మ కూడా ఆ పుస్తకం మీద ఉంటే, మంచోళ్లే కదా అని నమ్మి కట్టినా" అన్నాడు. ఆ డబ్బులో మాకు పైసా రాలేదని, వాళ్లతో మాకు ఏ సంబంధమూ లేదని ఎంత చెప్పినా ఆయన కళ్లలో అనుమానం పోలేదు. ఆయన అనుమానపడటంలో తప్పు లేదు. బొమ్మ మాదే కదా.

ఆ రోజు నుంచి ఈ విషయం మీద దొరికినదల్లా చదివాను, తెలిసిన వకీలును అడిగాను. మన ప్రాంతంలో సైట్లు నడిపే పిల్లలకు, కాలేజీ క్లబ్బులకు, వాళ్ల పాఠాలు వాడుకునే సంస్థలకు పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదట అర్థమైంది ఏమిటంటే, పాఠం వేరు, లోగో వేరు. పాఠం ఎంతమంది చేతుల్లోకి పోతే అంత మంచిది. లోగో అట్లా కాదు, అది సంతకం లాంటిది. మన ఊళ్లో దీన్ని ఎవరికైనా ఒక్క మాటలో చెప్పొచ్చు. శనగపిండి, నెయ్యి, చక్కెర, జీడిపప్పు వేసి ఎవరింట్లోనైనా లడ్డూ చేసుకోవచ్చు. దాన్ని తిరుపతి లడ్డూ అని పేరు పెట్టి అంగట్లో అమ్మకూడదు. ఆ పేరుకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు చూసి కొనేవాడు మోసపోకూడదని ఆ ఏర్పాటు. లడ్డూ చేసుకోవడాన్ని ఎవరూ ఆపలేదు.

ప్రపంచంలో పెద్ద పెద్ద ఓపెన్ ప్రాజెక్టులు చాలావరకు ఈ తేడా పాటిస్తున్నాయి. వికీపీడియా వ్యాసాలను ఎవరైనా తీసుకుని పుస్తకంగా వేసి అమ్ముకోవచ్చు, షరతులు పాటిస్తే చాలు. ఆ పేరూ, ఆ గోళం బొమ్మా మాత్రం వికీమీడియా ఫౌండేషన్ ట్రేడ్‌మార్కులు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కథ ఇంకా పట్టుదలగా నడిచింది. దాని కోడ్ ఓపెన్, లోగో ఓపెన్ కాదు. డెబియన్ అనే ఒక రకం లినక్స్ తయారుచేసేవాళ్లు కోడ్ తీసుకుని, స్వేచ్ఛా లైసెన్సు లేని లోగోను పక్కన పెట్టారు. లోగో లేకుండా మా పేరు వాడొద్దని ఆ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా అంది. దాంతో 2006లో డెబియన్ అదే బ్రౌజర్‌కు ఐస్‌వీజిల్ అని వేరే పేరు పెట్టుకుంది. మళ్లీ ఫైర్‌ఫాక్స్ అనే పేరు తిరిగి రావడానికి 2016 దాకా పట్టింది. ఇద్దరూ ఓపెన్ సోర్స్ వాళ్లే, ఒకరి పని అంటే ఒకరికి గౌరవమే. అయినా పేరు దగ్గర పదేళ్లు ఎవరి మాట మీద వాళ్లు నిలబడ్డారు.

మా డీటీపీ వాళ్లు రోజూ వాడే తెలుగు ఫాంట్లలోనూ ఇదే ఉంది, మేమే గమనించం. మండలి, రామభద్ర, గురజాడ లాంటి యూనికోడ్ ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వచ్చాయి. వాటితో పుస్తకం వేసి అమ్ముకోవచ్చు, అక్షరాల రూపం మార్చుకోవచ్చు. ఫాంటును మాత్రం విడిగా అమ్మకూడదు. తయారుచేసినవాళ్లు పేరును రిజర్వు చేసి ఉంటే, మార్చిన ఫాంటుకు అదే పేరు పెట్టకూడదు. అన్నీ ఇచ్చి పేరు ఒక్కటి దగ్గర పెట్టుకోవడం పిసినారితనం కాదు. నా చేతి పని ఏదో, ఇంకొకరు మార్చింది ఏదో చూసేవాళ్లకు తెలియాలి కదా.

రెండోది ఇంకా ముఖ్యం. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది, ఎక్కడా రిజిస్టర్ చేయక్కర్లేదు. రాసినవాళ్ల జీవితకాలం, ఆ తర్వాత అరవై ఏళ్లు ఉంటుంది. సైటు అడుగున సరైన లైసెన్సు ఏదీ రాయకపోతే, చట్టం దృష్టిలో హక్కులన్నీ రాసినవాళ్ల దగ్గరే ఉన్నట్టు. లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలని చట్టమే చెప్తోంది. మేమేమో అందరికీ ఇవ్వాలనుకున్నాం. ఏం ఇస్తున్నామో, ఏ షరతు మీద ఇస్తున్నామో సరిగ్గా రాయలేదు. దాంతో నిజాయితీగా అడిగి వాడుకునే టీచర్లు భయపడి ఆగిపోయారు, అడగనివాళ్లు పేర్లు కోసేసి అచ్చు వేసుకున్నారు. అందులో మా తప్పు ఉంది, ఒప్పుకుంటున్నాను.

సరైన లైసెన్సు పెడదామని కూర్చుంటే మాలో మాకే పెద్ద వాదన అయింది. వ్యాపారానికి వాడకూడదనే షరతు పెడదామని కొందరన్నారు. ఆ కోచింగ్ సెంటర్ మీద కోపంతో మొదట నేనూ అదే అన్నాను. రాత్రి ఇంటికి పోయాక ఆలోచిస్తే నా షాపే గుర్తొచ్చింది. చంద్రగిరి దగ్గర ఒక బడి టీచరమ్మ మా పాఠాలు నలభై కాపీలు వేయించుకుంటుంది. నేను పేజీకి రూపాయి తీసుకుంటాను. అది వ్యాపారం కాదా? పల్లెలో ఒక కుర్రాడు నెలకు ఐదొందలు తీసుకుని మా పాఠాలతోనే పిల్లలకు శ్రద్ధగా నేర్పిస్తే అది తప్పవుతుందా? పైగా వ్యాపారం వద్దనే షరతు ఉన్నదాన్ని తెలుగు వికీపీడియాలోకి తీసుకోరు. మార్పులు చేయకూడదని పెడదామన్నవాళ్లూ ఉన్నారు. మరి వేలూరులో ఒక అన్న మా పాఠాలను తమిళంలోకి మారుస్తానని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. అనువాదం అంటే మార్పే. ఆ షరతు పెడితే ఆయనకు తలుపు వేసినట్టే.

చివరికి పాఠాలకు, రచనలు పంచుకోవడానికి రెడీమేడ్ లైసెన్సులు రాసి ఇచ్చే సంస్థ క్రియేటివ్ కామన్స్ వాళ్ల అట్రిబ్యూషన్-షేర్‌అలైక్ 4.0 పెట్టాం. రాసినవాళ్ల పేరు చెప్పాలి, లైసెన్సు ఏదో చూపించాలి, ఏమైనా మారిస్తే మార్చామని రాయాలి, మార్చినదాన్ని బయటికి ఇచ్చేటట్టయితే అదీ ఇదే షరతులతో ఇవ్వాలి. ఇంతే. వికీపీడియా వ్యాసాలు కూడా 2023 నుంచి ఇదే లైసెన్సు కింద ఉన్నాయి. మా పిల్లలు రాసిన చిన్న చిన్న ప్రోగ్రాములకు మాత్రం ఇది పెట్టలేదు, సాఫ్ట్‌వేర్ కోసమే ఉన్న జీపీఎల్ అనే ఓపెన్ లైసెన్సు మూడో వెర్షన్ పెట్టాం. సాఫ్ట్‌వేర్‌కు మా లైసెన్సులు వాడొద్దని క్రియేటివ్ కామన్స్ వాళ్లే చెప్తారు.

ఆ లైసెన్సును కూర్చుని మొత్తం చదివాను. అందులో రెండు మాటలు నాకు బాగా నచ్చాయి. ట్రేడ్‌మార్క్ హక్కులు ఈ లైసెన్సులో ఇవ్వడం లేదని స్పష్టంగా ఉంది. అంటే పాఠం తీసుకున్నారు కదా అని లోగో కూడా వాళ్లకు వచ్చేయదు. అసలు రచయిత తమను ఆమోదించినట్టు, తమతో కలిసినట్టు చెప్పుకునే అనుమతి కూడా ఉండదు. "సంయుక్త సమర్పణ" అనే మాటకు జవాబు అందులో ముందే రాసి ఉంది. రెండోది, తప్పు చేసినవాళ్లు విషయం తెలిసిన ముప్పై రోజుల్లో సరిదిద్దుకుంటే పోయిన హక్కు మళ్లీ వాళ్లకు వస్తుంది. గొడవలు పెట్టుకోకుండా దిద్దుకోవడానికి దారి వదిలిన లైసెన్సు అది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ లైసెన్సు ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేం. అందుకే పదకొండు మందినీ విడివిడిగా అడగాల్సి వచ్చింది. ఎవరి పాఠం మీద హక్కు వాళ్లదే, బృందానిది కాదు. తొమ్మిది మంది వెంటనే సరేనని రాసిచ్చారు. ఒకతను కువైట్ పోయాడు, నంబరు మారింది, దొరకలేదు. అతని ఐదు పాఠాలు తీసేసి కొత్తగా రాసుకున్నాం. ఇంక మిగిలింది లెక్కల మాస్టారు. ఆయన రెండేళ్ల కిందట కాలం చేశారు. ఆయన హక్కు ఇప్పుడు వారసులది కాబట్టి కాగితం తీసుకుని వాళ్లింటికి పోయాను.

ఇంతలో తెలిసిన ఇంకో సంగతి ఏమిటంటే, ఆ చిలక బొమ్మ మీద కూడా మాకు హక్కు లేదు! శ్రీకాళహస్తి కలంకారీ ఇంటి అబ్బాయి, అప్పట్లో డిగ్రీ చదివేవాడు, మా షాపులోనే కూర్చుని ఒక పెళ్లి పత్రిక ప్రూఫు వెనకాల పెన్నుతో గీశాడు. చిలక ముక్కున పట్టుకున్నది పండు కాదు, "అ" అక్షరం ఉన్న కీబోర్డు మీట. రెక్కల్లో కలంకారీ గీతలు. తర్వాత తనే ఇంక్‌స్కేప్‌లో వేసిచ్చాడు. మేం డబ్బివ్వలేదు, అతను మా ఉద్యోగి కాదు, కాబట్టి హక్కు అతనిదే. ఏడేళ్లుగా నోటి మాట మీద వాడుకుంటున్నాం. ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నాడు. ఫోన్ చేస్తే, "దానికేముందక్కా, వాడుకోండి" అన్నాడు. అట్లా కాదు నాయనా అని కాగితం పంపించాను. హక్కు రాసిచ్చే కాగితంలో ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం ఐదేళ్లే అనుకుంటుంది, ఏ దేశాలకో రాయకపోతే ఒక్క ఇండియాకే అనుకుంటుంది. రెండూ రాయించి సంతకం తీసుకున్నాను. ప్రతిసారీ ఇంత పెద్ద కాగితం కావాలనేం లేదు. లినక్స్ పెంగ్విన్ బొమ్మను 1996లో గీసిన ల్యారీ యూయింగ్, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అడిగితే మాత్రం నా పేరూ, గీయడానికి వాడిన గింప్ సాఫ్ట్‌వేర్ పేరూ చెప్పండి అన్నాడు. ఒకే ఒక్క వాక్యం. కానీ రాసి పెట్టాడు.

ఇప్పుడు డెబియన్ వాళ్ల పద్ధతి చూసి మా లోగోను రెండుగా చేసుకున్నాం. వాళ్లకు సుడి బొమ్మ ఒకటి అందరూ వాడుకోవడానికి, సీసా ఉన్నది అధికారిక పనులకు. మాకు వట్టి చిలక బొమ్మ ఒకటి, "ఈ పాఠాలు ఫలానా చోటివి" అని చూపించడానికి ఎవరైనా వాడుకోవచ్చు. చిలక కింద మా బృందం పేరు ఉన్నది మాత్రం మేం స్వయంగా నడిపే క్లాసులకే. దానికి ముందుగా ఒక ఈమెయిల్‌లో అడగాలి. వారంలో జవాబు ఇస్తాం.

షాపులో కూర్చునేదాన్ని కాబట్టి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఫ్లెక్స్ వేయించుకునేవాళ్లు చాలామంది "లోగో పక్కన గుండ్రంలో ఆర్ పెట్టండి మేడం, లుక్ వస్తుంది" అంటారు. అది అందానికి పెట్టే గుర్తు కాదు. రిజిస్టర్ అయిన ట్రేడ్‌మార్కుకే పెట్టాలి. కాకుండా పెడితే 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 107వ సెక్షన్ కింద నేరం. రిజిస్టర్ కానివాళ్లు టీఎం అని పెట్టుకోవచ్చు. కాలేజీ ఫెస్టులకు ఉబుంటు లోగో, వికీపీడియా లోగో, ఇంకా నాలుగు కంపెనీల లోగోలు ఇంటర్నెట్ నుంచి తీసి "మా భాగస్వాములు" అని వేయించుకునే పిల్లలు ఏటా వస్తారు. ఎవరిని అడిగారని నేనిప్పుడు అడుగుతున్నాను. కొందరు చిరాకుపడి పక్క షాపుకు పోతున్నారు. పోనీ.

సంపాదకుల గారూ, పత్రికలకు కూడా ఒక విన్నపం. ఫొటోల కింద "సౌజన్యం: ఇంటర్నెట్" అని పడుతుంటుంది. ఇంటర్నెట్ ఎవరి పేరూ కాదు. ఫొటోలు అందరితో పంచుకునే వికీమీడియా కామన్స్ సైట్లో గుడుల ఫొటోలు, కోటల ఫొటోలు తీసి పెట్టినవాళ్లు ఎండలో కెమెరా పట్టుకుని తిరిగినవాళ్లు. చాలామంది పెట్టిన షరతు పేరూ, లైసెన్సూ చెప్పమనే. దానికి పట్టే చోటు ఒక్క గీత. అన్నమయ్య పోయి ఐదొందల ఏళ్లు దాటింది, ఆయన కీర్తనను ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. దానికి ఈ కాలం పండితుడు రాసిన వ్యాఖ్యానం, ఈ కాలం గాయని పాడిన రికార్డింగు మాత్రం అట్లా కాదు, వాటి మీద హక్కులుంటాయి. ఈ తేడా పత్రికల వాళ్లు పాటిస్తే చూసి పిల్లలు నేర్చుకుంటారు.

మాస్టారింటికి పోయానని చెప్పాను కదా. కాగితంలో ఉన్నదంతా ఆయన భార్యకు చదివి వినిపించాను. ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు అన్నప్పుడు ఆవిడ ఏమీ అనలేదు. అంతా విన్నాక, "ఆయన పేరు ఉంటుందా అమ్మా?" అని ఒక్కటే అడిగింది. ఉంటుందమ్మా, అదే షరతు అన్నాను. చట్టంలో 57వ సెక్షన్ కూడా అదే చెప్తోంది. మిగతా హక్కులన్నీ ఇచ్చేసినా, ఇది నేను రాసింది అని చెప్పుకునే హక్కు రచయితదే. ఆయన తర్వాత వారసులు అడగొచ్చు. ఆవిడ కళ్లద్దాలు తెచ్చుకుని, ఆయన పేరు రాసిన చోట వేలు పెట్టి చూసుకుని, సంతకం చేసింది.

ఆ కోచింగ్ సెంటర్ వాళ్లు ఈ ఉత్తరం చదివితే వాళ్లకు నేను చెప్పేది ఇది. మాకు డబ్బు వద్దు. పాఠాలు వాడుకోండి, పుస్తకం అమ్ముకోండి. మిగిలిన కాపీల మీద మా లోగో, "సంయుక్త సమర్పణ" తీసేయండి. కొర్లగుంట ఆయన ఆరు వేలు ఆయనకు ఇచ్చేయండి. పాఠాల కింద కోసేసిన పేర్లు మళ్లీ పెట్టండి. తోతాపురి లెక్క పాఠం కింద ముందుగా మాస్టారి పేరు పెట్టండి. అక్షరాలు టైపు చేసి ఇవ్వమంటే నేనే చేసిస్తాను.

ఇట్లు,
ఒక డీటీపీ సెంటర్ నిర్వాహకురాలు,
బైరాగిపట్టెడ, తిరుపతి